కైలాసం కసరత్తు

యాభై ఏడేండ్ల మనిషి తాలీంఖానల ఎల్లెలుకల పండుకొని కాళ్ళు మీదికి లేపుతుంటె చూసెటోళ్ళకు నవ్వు రాక ఏమొస్తది చెప్పుండ్రి. సిరిసిల్ల పోరగాండ్లకు అదొక పొద్దుగాలటి తమాషా అయిపోయింది. దండాలు తీసెటోళ్ళు తీసుడు ఆపి, గద తిప్పెటోడు దాన్ని కిందపెట్టి, మట్టిగోడకు ఆనుకొని చూస్తుండ్రి.

"తాతకు ఈ యేడు కుస్తీల ఎవలతోటి జోడి వెట్టిండ్రురా?" అని ఒకడు అడిగిండు.

"యమునితోటి" అన్నడు ఇంకొకడు.

కైలాసం విన్నడు. వినకపోవుటానికి చెవుడేం లేదు. కాని నవ్వెటోళ్ళకు జవాబు చెప్తె ఊపిరి లెక్క తప్పుతది, లెక్క తప్పితె ఉస్తాద్ మళ్ళ మొదటి నుంచి చేయిస్తడు. అందుకని పండ్లు బిగవట్టి ఊకున్నడు.

"బొడ్డును వీపుకు అంటియ్యి" అన్నడు దస్తగీర్ ఉస్తాద్, నెత్తి కాడ గొంతుక్కూసొని. "ఇంక జర లోపటికి. ఆఁ. ఇప్పుడు లెవ్వు. ఒక్కపారే కాదు భై, ఎన్నుపూస ఒక్కటొక్కటి నేల ఇడువాలె. జల్ది చేస్తె అది కసరత్ కాదు, గాడిద దుంకుడు."

ఈ కసరత్తు తాలీంల ఇంకెవలకూ రాదు. ఉస్తాద్ వయసుల ఉన్నప్పుడు కుస్తీల నడుము ఇరగ్గొట్టుకొని, ఇగ లేవడని హకీంలు చెప్తె, ఏడాది పొడుగూత చాప మీద పండుకొని తనకు తానే కూర్చుకున్నడట. దీన్ల బరువులు లెవ్వు, బస్కీలు లెవ్వు. అంత మెల్లగ చేసుడే. ఊపిరి ఇడుసుకుంట లేసుడు, ఊపిరి తీసుకుంట ఒరుగుడు. చూస్తె ఏం లేనట్టే ఉంటది. చేస్తె మాత్రం పొట్టల పేగులు అల్లాడుతయి.

కైలాసం నలభై ఏండ్లు గుంట మగ్గం మీద కూసున్నడు. కాళ్ళు గుంటల, మెడ బట్ట మీద. ఆ కూసునుడు కూసునుడుల నడుము అట్లనే గట్టివడి, లేసి నిలబడ్డా ముక్కు నేలనే చూసేది. మగ్గం నడిచినన్ని రోజులు అది ఎవలకూ అడ్డం రాలే. చీనా లడాయి అయిన రెండేండ్లకు చేనేత సంఘపోళ్ళు నూలు ఇచ్చుడు బందు పెట్టంగనే మగ్గం ఆగింది. భూమవ్వ బీడీలు చేస్తె ఆ బీడీల బువ్వ కైలాసం తింటుండు. పెండ్లాం కష్టం తినుడు తప్పేం కాదని అందరు చెప్తరు గని, ఆయనకు ఆ బువ్వ తినబుద్ధి కాకపోయేది. అన్నం ముందటికి వస్తె సగం ఇడిసి లేసెటోడు.

తమ్ముని కొడుకు వెంకటి నాగయ్య సేటు కార్ఖానల సాంచ నడుపుతడు. కరెంటు మీద నడిచే మగ్గాన్ని సిరిసిల్లల సాంచ అంటరు. వెంకటి పోయి సేటును బతిమిలాడుకుంటె సేటు కైలాసాన్ని కింది నుంచి మీదికి చూసిండు. చూసుటానికి మీద పెద్దగ ఏం లేకుండె. "గుంట మగ్గం కూసొని నడిపేది, సాంచ నిలబడి నడిపేది. పన్నెండు గంటలు నిలబడెటోడు కావాలె నాకు. మీ పెద్దబాపు దండం పెడుతున్నట్టే ఉన్నడు గద ఎప్పుడు చూసినా" అన్నడు.

ఆ మాట పడి నాలుగు నెలలైంది. నాలుగు నెలలు ఒక్క పొద్దు తప్పకుండ కైలాసం తాలీంకు వచ్చిండు. మొన్న ఒకడు సాంచ ఇడిసిపెట్టి భీమండి పోయిండు. వాని జాగల సోమారం నుంచి చూస్త, నిలబడితె ఉంచుకుంట, లేకుంటె లేదు అన్నడు సేటు. ఆ సోమారం ఇయ్యాలనే.

ఉస్తాద్ ఆయన రెండు రెట్టలు పట్టి లేపి గోడకు నిలబెట్టిండు. మడిమెలు, నడుము, భుజాలు, తలకాయ నాలుగు గోడకు ఆనినయి. వచ్చిన కొత్తల తలకాయకు గోడకు నడుమ జానెడు సందుండె.

"పో" అన్నడు ఉస్తాద్. "నొప్పి లేస్తె బొడ్డు యాది చేసుకో. నన్ను కాదు."

గోడకున్న పోరగాండ్లు ఈసారి నవ్వలే. ముసలోడు వాళ్ళకంటె బెత్తెడు ఎత్తున్నడని వాళ్ళకు అప్పుడే తెలిసింది.

నాగయ్య సేటు కార్ఖానల పదహారు సాంచలు, ఎనమండుగురు మనుషులు, మనిషికి రెండు. లోపటికి పోతె మాట ఇనవడది. పక్కోనితోటి మాట్లాడాలంటె చెవుల నోరు పెట్టాలె. దూది దుమ్ము ఎంట్రుకల మీద, మీసాల మీద పడి మాపటికి అందరు ముసలోళ్ళయితరు.

వెంకటి పక్కనే నిలబడి చూపించిండు. పడుగు నడుమ అటు ఇటు ఉరికే నాడెల నూలు కండె అయిపోతె పిడి గుంజి ఆపుడు, కొత్త కండె పెట్టుడు, మళ్ళ పిడి తోసుడు. పని కైలాసానికి కొత్తది కాదు, ఆ జోరే కొత్త. చెయ్యి ఒక్క పోటు ఏసెటాల్లకు సాంచ పది పోట్లు ఏస్తది. పడుగుల పోగు తెగితె గుంట మగ్గం మీద చేతికే తెలుస్తది. ఇక్కడ సాంచకు ఏం తెల్వది, తెగిన పోగు తెగినట్టే ఉంచి నేసుకుంట పోతది, బట్టల గీత పడుకుంట పోతది. కండ్లు పెట్టుకొని చూసెటోడే దిక్కు.

ఇగ కాళ్ళ సంగతి. నలభై ఏండ్లు మగ్గం పలకలు తొక్కిన కాళ్ళు ఊకుంటయా? సాంచ దడదడమంటుంటె కైలాసం కుడికాలు, ఎడమకాలు ఒకదాని ఎనుక ఒకటి వట్టి నేలను తొక్కుతున్నయి. ఆయనకు తెల్వనే తెల్వది. పక్క సాంచల రాజం చూసి కడుపువట్టుకొని నవ్విండు, వెంకటి చెవుల నోరు పెట్టిండు.

"కైలాసం మామ కాళ్ళతోటే నడిపిస్తుండు. సేటుకు కరెంటు మిగులుతది."

పగటీలి అందరు గోడ నీడకు కూసొని సద్దులు ఇప్పుకున్నరు. కైలాసం నిలబడే జొన్నరొట్టె తిన్నడు. కూసుంటె మళ్ళ లేస్తనో లేవనో అని భయం ఆయనకు. మూడు గంటలు దాటినంక నడుముల నొప్పి లేసింది, పిక్కల నుంచి తొడలకు పాకింది. ఒక ఘడియ కండ్లు చీకట్లు కమ్మినయి. బొడ్డు లోపటికి గుంజి, ఊపిరి ఇడిసి, మళ్ళ తీసిండు. మాపటికి కరెంటు బందయి సాంచలు ఆగినప్పుడు కైలాసం ఇంక నిలబడే ఉన్నడు.

సేటు వచ్చి బట్ట తడిమి చూసిండు. ఏడ గీత లేదు. "రేపు గూడ రా" అన్నడు.

ఆ మాపు కైలాసం పెట్టిందంత తిన్నడు, ఇంక పెట్టుమన్నడు. భూమవ్వ ఉడుకునీళ్ళు పోసుకుంట వీపు చూసి, "చెక్క లెక్క అయింది గదనే నీ వీపు" అన్నది. ఆమె మాటల సంబురం ఉన్నది. కైలాసానికి గూడ మస్తు సంబురమే. గిన్ని రోజులకు మల్ల నేనొక మనిషినైన అనుకున్నడు, ఆ మాట పైకే అన్నడు.

మంగళారం నిలబడ్డడు, బుధారం నిలబడ్డడు. బేస్తారం మాపు సాంచలు ఆగినంక సేటు అందరిని ఉండుమన్నడు. పక్క బజారు సేట్లు ఇద్దరు వచ్చి బల్ల మీద కూసున్నరు. నాగయ్య సేటు ఎన్నడు గొంతు లేపెటోడు కాదు. బెల్లం పూసినట్టే మాట్లాడుతడు.

"బిడ్డల్లారా, ఒక ముచ్చట. గీ నాలుగు రోజులు మీరు గూడ చూసిండ్రు. కైలాసం పొద్దుగాల నిలబడితె మాపటిదాక కూసోలే. ముప్పై ఏండ్లోడు బీడీకని, నీళ్ళకని పదిమాట్ల బయటికి పోతడు. గా వయసుల ఆయన రెండు సాంచల కాడ నిలబడి ఇంక సందు మిగిలించుకుంటుండు. నాకు అప్పుడు సమజయింది. మనిషికి రెండంటె తక్కువ. సోమారం నుంచి మనిషికి నాలుగు."

ఎనమండుగురు నాలుగు సాంచల లెక్కన నిలబడితె ముప్పై రెండు సాంచలు కావాలె. ఉన్నయి పదహారే. లెక్క అందరికి వచ్చింది.

"నలుగురు ఏడికి పోవాలె సేటూ?" అని రాజం అడిగిండు. "అసలు నాలుగు ఎట్ల నడుస్తయి? ఒకదాన్ని చూస్తుంటె మూడింట్ల పోగులు తెగుతయి."

"తెగుతయో లేదో ఊకె మాట్లాడుడెందుకు. శనారం కైలాసం నాలుగు నడుపుతడు. గీ పెద్దమనుషులు ఉంటరు, మీరు ఉండుండ్రి. మాపటిదాక నడిపితె నా మాట. నడుమల కూసున్నా, బట్ట ఖరాబు చేసినా మీ మాట, ఎప్పటి తీర్గనె మనిషికి రెండు, ఇగ గీ ముచ్చట నేను ఎత్త." సేటు వెంకటి దిక్కు తిరిగిండు. "నువ్వు మంచి పనోనివే బిడ్డా. గని నీకు దగ్గు. దగ్గెటోడు నాలుగింటి నడుమ ఉరుకలేడు. నేను ముందుగాలనే చెప్తున్న, ఎనుక అనుకోవద్దు."

వెంకటి తల వంచుకున్నడు. పెద్దబాపుకు పని ఇప్పియ్యుమని సేటు కాళ్ళ ఎంబడి తిరిగింది వాడు. కైలాసం వాని మొఖం చూడలేకపోయిండు. ఆయన నిలబడ్డదే తప్పయింది, దానికి ఏమని చెప్పుకోవాలె?

శుక్రారం మాపు వెంకటి, రాజం ఇద్దరు ఇంటికొచ్చిండ్రు. భూమవ్వ చాట ముందల పెట్టుకొని తునికాకు కత్తిరిస్తున్నది. వచ్చిన పనేందో అందరికి ఎరుకే, అయినా కొద్దిసేపు ఎండల గురించి మాట్లాడిండ్రు. వెంకటికి దగ్గు వచ్చి, ఆగి, మళ్ళ వచ్చింది.

రాజమే అన్నడు. "మామా, నిన్ను అడుగొద్దు. నీకు గీ పని ఎట్ల దొరికిందో మాకు తెల్వదా. గని నలుగురి ఇండ్ల సంగతి."

"కూసోవాలె, అంతే గద" అన్నడు కైలాసం.

"అంతే. పగటీలిదాక నడిపి, నడుము పట్టుకొని కూసో. ముసలోడు, ఎవలేమంటరు."

"కూసుంటె నాకు పని పోతది. నిలబడితెనే ఉంచుకుంట అన్నడు సేటు."

"పోతది" అన్నడు రాజం. అబద్ధం చెప్పుడు వానికి శాతగాలే.

కైలాసం భూమవ్వ దిక్కు చూసిండు. ఆమె కత్తెర ఆపకుండనే, "పోతె పోనీ. మొన్నటిదాక లేకనే బతికినం గద. పోరనికి ఇద్దరు చిన్నపిల్లలు" అన్నది.

"కూసుంట" అన్నడు కైలాసం వెంకటితోటి. "నా మీద ఒట్టు. నువ్వు ఫికర్ చెయ్యకు బిడ్డా."

వెంకటి లేసి పెద్దబాపు కాళ్ళకు మొక్కిండు. అది కైలాసానికి అసలే బాగనిపియ్యలే. మొక్కించుకునే పని ఏం చేసిండు ఆయన?

శనారం పొద్దుగాల కైలాసం తాలీంకు పోలే. ఒక్క పూట మానేస్తె నడుము పట్టేస్తదేమో అని ఆశ. పిచ్చి మనిషి, నాలుగు నెలలు ఎక్కించింది ఒక్క పొద్దుల దిగుతదా? లేసి నిలబడితె నిటారుగనె ఉన్నడు. కావాలని వంగి చూసిండు, వంగితె అది వంగినట్టు కాకుండ, కింద పడ్డ పైసను ఏరుకుంటున్నట్టు ఉన్నది. ఇడిసిపెట్టి కార్ఖానకు పోయిండు.

నాలుగు సాంచలు ఎదురెదురుగ రెండు రెండు. నడుమ మనిషి తిరిగెటంత సందు. సేట్లు తలుపు కాడ కుర్చీలేసుకున్నరు. పనోళ్ళు గోడ పొంటి నిలబడ్డరు, వెంకటి అందరి ఎనుక. పిడులు తోసినంక నాలుగు ఒక్కపారే మోగినయి.

పొద్దు ఎక్కేదాక కైలాసం మంచిగనే ఆగమైండు. ఆయన నటించింది గూడ కాదు అది. ఇటు కండె మార్చెటాల్లకు అటు కండె అయిపోయేది, ఉరికి పోయి అది మార్చెటాల్లకు ఎనుకది ఆగేది. బనీను తడిసి వీపుకు అంటుకుంది. పక్క బజారు సేటు ఒకాయన నాగయ్య చెవుల ఏందో చెప్పి తలకాయ ఊపిండు. రాజం మొఖంల పానం వచ్చింది. ఇట్లనే ఇంకొక గంట, పగటీలి కాంగనే కూసునుడు, అయిపోయింది అనుకున్నడు కైలాసం. కూసునే జాగ గూడ చూసిపెట్టుకున్నడు, రెండో సాంచ పక్కన కండెల గంప కాడ.

పదకొండు దాటుతుంటె మూడో సాంచల పోగు తెగింది.

అంచు నుంచి నాలుగు వేళ్ళ దూరంల, ఒక్కటే పోగు. తెగిన కొస ఎనుకకు పడి ఊగుతున్నది. సాంచకేం తెల్వది, అది నేస్తనే ఉన్నది. బట్టల సన్నగ ఒక గీత మొదలైంది. ఎంట్రుకంత గీత. పోనీ, అదే మంచిగైంది, గీత పడనీ అనుకున్నడు కైలాసం. బట్ట ఖరాబైతె కూసునే పని గూడ లేదు. మొఖం అటు తిప్పుకున్నడు. ఒకటో సాంచల కండె మార్చిండు, దానికి అవుసరం లేకున్నా మార్చిండు. మళ్ళ ఇటు చూస్తె గీత వేలెడు అయింది.

అయ్య బతికున్నప్పుడు అంటుండె. తెగిన పోగు కండ్ల పడ్డంక ఊకున్నోడు నేత నేసే సాలోడు కాదు, వాడు ఎవడో తప్పిపోయి మన ఇంట్ల పుట్టిండు అని. ఎనిమిదేండ్ల పిలగానిగ ఉన్నప్పుడు ఒక గీత ఇడిసిపెట్టినందుకు నాడెతోటి చేతి వేళ్ళ మీద కొట్టిండు. ఇవన్ని కైలాసానికి ఆ నిమిషంల యాదికొచ్చినయని చెప్తె అది అబద్ధమే. ఆయనకు ఏం యాదికి రాలే. గీత జానెడు కావొచ్చింది, కండ్లకు అదొక్కటే కనవడ్డది. ఒంట్లె ఏదో గీరినట్టు, పంటి కింద రాయి పడ్డట్టు అయింది. తన చెయ్యి పిడి గుంజుడు ఆయన చూసిండు. ఏళ్ళు తడి చేసుకొని, కొస దొరకవట్టి, పోగులు దూరే అచ్చుల నుంచి గుంజి ముడేసుడు గూడ చూసిండు. పిడి తోసిండు. బట్ట మళ్ళ మంచిగ రావట్టింది.

అయిపోయింది, ఒక్కటే గద, ఇంకోటి తెగితె చూడ అనుకున్నడు. నాలుగో దాంట్ల తెగింది. అది గూడ ముడేసిండు.

ఆ ఎనుక ఏమైందో సిగ్గు లేకుండ చెప్పాలంటె, కైలాసానికి సంతోషమైంది. నాలుగింటి సప్పుడు ఏరువడి ఇనవడ్డది. ఏది కండె అడుగుతుందో, ఏ పోగు పలుచవడ్డదో కన్ను పోకముందే చెయ్యి పోతున్నది. నడుము నుంచి తిరుగుతుంటె ఒళ్ళంత ఒక్క తీర్గ, ఎక్కడ పట్టు లేకుండ తిరిగింది. బొడ్డు లోపట ఉన్నది, ఊపిరి దాని లెక్కల అది ఉన్నది. ఇరవై ఏండ్లప్పుడు గూడ ఆయన ఒళ్ళు ఆయనకు ఇట్ల మాట ఇనలే. పగటీలి వచ్చింది, పోయింది. కండెల గంప పక్కనుంచి ఎన్నిమాట్ల పోయిండో, ఒక్కమాటు గూడ దాని పక్కన జాగ ఉన్నదని తట్టలే.

మూడు గంటలప్పుడు మీదికి చూసిండు. ఎందుకు చూసిండంటె, ఎవలో చప్పట్లు కొడుతున్నట్టు కండ్లవడ్డది. నాగయ్య సేటు. పక్క బజారు సేట్లు ఇద్దరు కుర్చీల నుంచి లేసి దగ్గరికొచ్చి బట్ట తడిమి చూస్తుండ్రు. గోడ పొంటి మనుషులు లేరు. రాజం ఒక్కడు తలుపు అవతల ఇటు వీపు చేసి నిలబడి బీడీ తాగుతుండు. వెంకటి ఎప్పుడు పోయిండో తెల్వది.

ఇప్పుడన్న కూసుందామని కైలాసం గంప కాడికి పోయి మోకాళ్ళ మీద కూలవడ్డడు. సేటు సాంచలు ఆపించి, నవ్వుకుంట వచ్చి రెట్ట పట్టి లేపిండు.

"ఇగ చాలు చాలు, మాపటిదాక ఎందుకు. చూసుడు అయిపోయింది. నువ్వు ఇంటికి పోయి పండుకో కైలాసం. సోమారం జల్ది రా. ఇగ నుంచి గీ నాలుగు నీయే."

"నాతోని కాదు సేటూ" అన్నడు కైలాసం. "నడుము పట్టేసింది. నాలుగు ఎవలతోని కాదు."

సేటు ఆయనను కింది నుంచి మీదికి చూసిండు. ఈసారి చూసుటానికి మీద మనిషి ఉన్నడు. "గట్లనే అంటరు" అన్నడు ప్రేమగ, వీపు చరిచి.

బజార్ల పొద్దు ఇంక గుంకలే. వాకిండ్ల కూసున్న ఆడోళ్ళు మాటలాపి చూసిండ్రు. ముచ్చట ఆయనకంటె ముందే ఇండ్లకు చేరింది. వెంకటి ఇంటి ముంగట నుంచి పోవాలె, వేరే తొవ్వ లేదు. తలుపు దగ్గరేసి ఉన్నది. లోపట దగ్గు ఇనవడ్డది. కైలాసం ఆగలే.

భూమవ్వ ఇంట్ల బీడీలు కట్టలు కడుతున్నది. తల ఎత్తి మొగని మొఖం చూసింది, చేతులు చూసింది. ఏళ్ళ కొసలకు నూలు పీచు అంటుకొని ఉన్నది.

"కూసున్నవా?" అని అడిగింది.

కైలాసం గోడకు ఆని నిలబడ్డడు.

"పోగు తెగింది" అన్నడు.

భూమవ్వ గూడ సాలోల్ల బిడ్డనే. ఆ ఒక్క మాటకే అంత సమజయింది. కట్టలు పక్కకు జరిపి లేసింది, కొంగు నెత్తి మీదికి గుంజుకున్నది. ఆ మాట చెప్పుటానికి వెంకటి ఇంటికి పోయింది.